గేటు గడియ

శాలిబండ,
12 నవంబర్ 2025, బుధవారం.

ఇవ్వాళ అయిన పనులు: నీళ్ళు పట్టుడు, రెండు బకెట్ల బట్టలు, బియ్యం ఏరుడు, గ్యాస్ బుకింగ్, కుక్కకు స్నానం. మిగిలింది ఈ ఉత్తరమే.

చెల్లె కీర్తిప్రియకు,

మీ అక్క సావిత్రి దీవించి రాసేది. ఇక్కడ మేము క్షేమం. మలక్‌పేటలో నువ్వు, మరిది, అత్తమ్మ, మామయ్య బాగున్నరని తలుస్తున్న.

ఫోన్ ఉండగ ఉత్తరమేందని నవ్వుకుంటవేమో. మామయ్య ముప్పై ఏండ్లు పోస్టాఫీసుల చేసిన మనిషి. ఇంటికి ఉత్తరమొస్తే చాలు, అన్నాలైనంక అందరినీ కూసోబెట్టి తారీకు నుంచి సంతకం దాకా పైకి చదువుతరు. ఆ సంతోషం ఆయనకు ఎందుకు లేకుండ చెయ్యాలె?

సంగతేందంటే, నేనొక కుక్కను తెచ్చుకున్న.

సెప్టెంబర్ పద్నాలుగు, ఆదివారం. అత్తమ్మ కంటి ఆపరేషన్‌కని మామయ్యతో శుక్రవారం నుంచే దవాఖానలో ఉన్నది. నేను టిఫిన్ క్యారియర్ తీసుకపోదామని మీ గేటు దాకా వచ్చిపోయిన. నేను గడియ పెట్టకుండ పోతే అత్తమ్మ కుక్క రవ్వ బయటపడి తప్పిపోయిందని నువ్వే అందరికీ చెప్పినవ్. పెట్టిననని ఎంత మొత్తుకున్నా ఎవరు విన్నరు? దసరానాడు బంగారమని పంచుకునే జమ్మి ఆకు అందరి చేతుల తీసుకున్న అత్తమ్మ, నేనిస్తే మొఖం తిప్పుకున్నది. "గడియ పెట్టనోళ్ళ బంగారం నాకొద్దు" అన్నది. ఇరవై ఆరేండ్ల సంది ఆ ఇంటి పెద్ద కోడలిని. ఆ ఆకు పిడికిట్ల పట్టుకొనే బస్సెక్కిన. అప్పటి నుంచి నాతో మాట లేదు.

పోయిన కుక్క ఎట్లాగూ రాదు, అసొంటిదే ఇంకోటి తెచ్చిద్దామని నిన్న కుక్కల షెల్టర్‌కు పోయిన. స్వీటీ అనే పిల్ల ఫారం ఇచ్చింది. అందులో ఒక ప్రశ్న, మీ ఇంటి గేటుకు గడియ పెట్టే అలవాటు ఉందా అని. నాకు నవ్వాగలేదు. ఆ పిల్ల బిత్తరపోయి చూసింది.

తెచ్చింది చిన్న కుక్కే. ఏ జాతి అంటే చెప్పలేం, తోక పొమేరియన్‌ది, కాళ్ళు గల్లీ కుక్కవి. ఒక చెవి నిలబడతది, ఒకటి వాలి ఉంటది. కుక్కర్ విజిల్‌కు మంచం కిందికి దూరుతది. బిస్కెట్ పొడిది ముట్టదు, చాయ్‌ల ముంచియ్యాలె. అత్తమ్మ వింటే మస్తు సంతోషపడతది.

ఇట్లు,
గడియ పెట్టుడు మరువని
సావిత్రి

తా.క. మామయ్యా, కాగితం మడవకండి, ఇది కూడా పైకే చదవండి. ఆ కుక్క రవ్వే.

లేవకు చెల్లె, కూసో. షెల్టర్‌వాళ్ళు రవ్వతోపాటు దాని టీకాల పుస్తకం కూడా ఇచ్చిండ్రు. దాన్ని వదిలిపెట్టిననాడు నువ్వే ఇచ్చిపోయినవట. అట్ట మీద నీ పేరు, నీ ఫోన్ నంబర్, నీ రాతే. లోపల షెల్టర్ ముద్ర, సెప్టెంబర్ పదమూడు, శనివారం. వదిలిన కారణం: సోఫా మీద బొచ్చు పడుతున్నది. నేను మీ గేటు ముట్టింది ఆ తెల్లారి.

అత్తమ్మా, రవ్వను మలక్‌పేటకు పంపను. చూడాలనుంటే మీరే శాలిబండకు రావాలె. గడియ నేనే తీస్తా.

దసరానాటి జమ్మి ఆకు నా లెక్కల పుస్తకంలనే ఉండె. ఎండిపోయింది. ఈ కవర్ల పెట్టిన. ఈసారి చేతిలోకి తీసుకోండి.

కీర్తిప్రియా, దసరా నుంచి నీకు బాకీ ఉన్న. ఇవ్వాళ్టితో చెల్లు.