గడీని ఎవరు కట్టారు

జూన్ 18, 1979

బడి రజతోత్సవానికి ఊరి గురించి ఒక చిన్న పుస్తకం వేస్తారట. సోషల్ టీచర్‌ని కాబట్టి రాసే పని నాదే. హెడ్మాస్టరు గారి మాట — "భూగోళం, చరిత్ర, ప్రజలు. అంతేనమ్మా, క్లుప్తంగా." క్లుప్తంగానట! పుట్టి పెరిగిన ఊరు.

జూన్ 21

భూగోళం అయింది. బయ్యారం వైపు ఎర్రరాళ్ల గుట్టలు, మానుకోట వైపు రైలు కట్ట, మధ్యలో మిర్చి చేలు... మేము.

జూన్ 24

దొర గడీ సంగతి అడుగుదామని మా ఊరి ముసలామె ఎల్లవ్వ ఇంటికి వెళ్లాను. ఆ మేడ లేస్తున్నప్పుడు చిన్నపిల్ల, సున్నం తట్టలు మోసిందట.

"దొర కట్టిచ్చిండు గద అవ్వా?" అన్నాను. అంతే, కూర్చున్న మనిషి లేచి నిలబడింది.

"దొర కట్టిండా? మేం కట్టినం బిడ్డా. ఊరంత వెట్టి జేసింది. కూలి అడిగిండని మా అయ్యను గా దర్వాజ ముంగట్నే చింతబరిగెలతోని కొట్టిండ్రు. మల్ల లేవలే."

ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదట. "నా మాట పుస్తకంల వస్తదా?" వస్తుందన్నాను.

జులై 2

రాసి ఇచ్చాను. హెడ్మాస్టరు గారిది బందరు. చదువుతూ నవ్వారు. "'కట్టినం' ఏంటమ్మా? 'కట్టాం' అనాలి. ఇదేం భాష?"

"ఆమె భాష అండీ. నాదీ అదే" అన్నాను.

ఆయన నవ్వు ఆపలేదు. ఒళ్లు మండిపోయింది.

జులై 20

పుస్తకం అచ్చయి వచ్చింది. అట్ట మీద నా పేరు. లోపల — "ప్రజాక్షేమం కోరి దొరవారు నిర్మించిన సుందర భవనం." ఎల్లవ్వ లేదు. ఆమె తండ్రి లేడు. అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం మన పిల్లలు తరగతులు వదిలి రోడ్డెక్కిన సంగతి లేదు. 'ప్రజలు' అన్న శీర్షిక కింద దొరవారి వంశం, ముత్తాతల దాకా!

హెడ్మాస్టరు గారిని అడిగాను. "దొరవారి కొడుకు చిన్నదొరగారే కదమ్మా బడి కమిటీ అధ్యక్షులు. అచ్చు వేయించిందీ వాళ్లే. సర్దుకోవాలి."

సర్దుకోవాలా? ఆ అబద్ధానికి నా పేరెందుకు మరి?

జులై 21

రేపు సభలో ఆ పుస్తకం చదవాల్సింది నేనే.

జులై 22

చదివాను. పుస్తకం మూసేసి, నేను రాసిందే చదివాను.

ముందు వరుసలో, నేల మీద, ఎల్లవ్వ. ఆమె తండ్రి సంగతి వచ్చేసరికి తల దించుకుని మెల్లగా చదవసాగాను. "గట్టిగ సదువు బిడ్డా" — ఆమే. చిన్నదొర విసురుగా లేచాడు, కుర్చీ వెనక్కి పడింది. ఆయన వెంట చాలామంది వెళ్లిపోయారు. కదలకుండా విన్నవాళ్లూ ఉన్నారు.

జులై 23

హెడ్మాస్టరు గారు నా ముఖం చూడటం లేదు. చూడకపోతే పోనీ.

జులై 25

ఎల్లవ్వ కొడుకు సాయిలు వచ్చాడు. దొర పొలమే కౌలుకు చేస్తాడు.

"నారు పోసిన టీచరమ్మా. ఇప్పుడు భూమి ఇడిసిపెట్టుమంటుండ్రు. మా అవ్వ మతిలేక చెప్పిందని నువ్వొక్క మాట అంటే ఊకుంటరట. నీ కాల్మొక్త."

నిజంగానే వంగాడు. పట్టుకుని ఆపాను.

ఎంత తెలివి! చదివింది నేను. నన్ను ఒక్క మాట అనలేదు. నా ఉద్యోగం జోలికి రాలేదు. పోయి పోయి వీళ్ల నోటి దగ్గర కూడు లాగుతున్నారు.

జులై 26

రేపు ప్రార్థన అయ్యాక, పిల్లలందరి ముందు, చిన్నదొర ఎదుట ఆ మాట చెప్పాలట. కబురు హెడ్మాస్టరు గారే తెచ్చారు. "ఒక్క మాటే కదమ్మా."

సాయంత్రం — ఎల్లవ్వ వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. గడప మీద కూర్చుంది.

"మావోడు వచ్చిండట గద?"

వచ్చాడన్నాను.

"ఆనికి పోరగాండ్లున్నరు. ఆని భయం ఆనిది, తప్పు పట్ట. గని మా అయ్యకు నేను దప్ప ఎవరున్నరు బిడ్డా?"

నేనూ ఆమె పక్కన కూర్చున్నాను.

"రేపేమంటవ్ మల్ల?"

మంచినీళ్లు తెస్తానని లోపలికి వచ్చి, ఇది రాస్తున్నాను. ఆమె ఇంకా గడప మీదే ఉంది.