ముందున్న చిన్న మాట

నాన్నకి గౌరి నమస్కారాలు. నువ్వు, అమ్మ, నానమ్మ, తమ్ముడు బాగున్నారని తలుస్తాను. నేను బెంగళూరులో బాగానే ఉన్నాను. నిజంగా బాగానే ఉన్నాను, బెంగపడొద్దు. ఇక్కడ పొద్దున్నే చలి. సాంబారులో బెల్లం వేస్తారు. నర్సింగు క్లాసులు, ఆసుపత్రి డ్యూటీ అయ్యేసరికి కాళ్లు పీకేస్తాయి. హాస్టల్లో మన మాట మాట్లాడేవాళ్లు లేరు. మనవాళ్లెవరైనా ఇటు వస్తుంటే ఎండు రొయ్యల పొడి పంపమని అమ్మకి చెప్పు.

అసలు సంగతి ఫోన్‌లో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను నాన్నా.

పలాస ఆసుపత్రిలో నీకిచ్చిన రిపోర్టు ఫొటో పంపి, జబ్బు పేరేమిటని అడిగావు కదా. "క్రానిక్ ఇంటర్‌స్టీషియల్ నెఫ్రైటిస్" అని గుక్క తిప్పుకోకుండా చదివేశాను. స్పీకర్ పెట్టారని, అరుగు మీద అందరూ వింటున్నారని తెలిసి ఇంకా రెచ్చిపోయాను. నెఫ్రో అంటే కిడ్నీ, ఐటిస్ అంటే వాపు, ఇంటర్‌స్టీషియల్ అంటే సందుల్లో అని ముక్కలు చేసి పాఠం చెప్పాను. పక్కింటి అప్పన్న మావ "మన గౌరి డాక్టరమ్మయిపోనాదిరా!" అన్నాడు. నువ్వు మాత్రం "ఆ ముందర మాటేటమ్మా?" అన్నావు. నాకు తెలీదు. తెలీదనడానికి నామోషీ. "అదేం లేదు నాన్నా, ఊరికే ముందు పెడతారు" అనేశాను.

మర్నాడు మా టీచరుని అడిగి తెలుసుకున్నాను. అయినా ఫోన్ చెయ్యలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అని నాన్చాను.

నిన్న అమ్మ చెప్పింది, నువ్వు మందులు మానేశావట. మన ఊళ్లో పొద్దున్నే అందరూ కిడ్నీ జబ్బు భయంతో చూసుకున్నట్టే, మంచం మీద కూర్చుని కాలు నొక్కి చూసుకున్నావట. "గుంట పడ్నేదు. వాపు నేదంటే జబ్బూ నేదన్నమాటే. గౌరే సెప్పింది కదా" అన్నావట. అది విని బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

నాన్నా, క్రానిక్ అంటే ఎన్నాళ్లైనా ఉండిపోయేది. పూర్తిగా పోదు. కాళ్లు వాచకపోయినా లోపల ఉంటుంది. మందులతో, రక్తపరీక్షలతో ముదరకుండా కాసుకోవాలి. ఈ ఉత్తరం అందగానే పలాస వెళ్లి, మందులు మానేశానని డాక్టరుకి దాచకుండా చెప్పు. ఆయన చెప్పినట్టు మళ్లీ మొదలుపెట్టు. అప్పన్న మావ రిపోర్టులోనూ అదే పేరుంది. అతనికీ ఇది చదివి వినిపించు. గౌరికి తెలీక అలా కూసిందని చెప్పు.

నానమ్మకి దండాలు, తమ్ముడికి ముద్దులు. దీవించమని అడగడానికి ఈసారి నాకు మొహం చెల్లడం లేదు. కోపమొస్తే నాలుగు తిట్టు నాన్నా, మందులు మాత్రం మానకు.

నీ కూతురు,
గౌరి