వరస కుదరని పిలుపు

పిన్నిగారికి నమస్కారాలు.

ఫోన్ చేస్తే నా పక్కనే మీ అబ్బాయి ఉంటాడని ఉత్తరం రాశారు చూడండి, మీ తెలివికి నవ్వొచ్చింది. మొన్న సెలవులకి వచ్చినప్పుడు మీవాడు అద్దం ముందు నుంచి కదల్లేదని, ఎవరో అమ్మాయి ఉందని మీ అనుమానం. మేమిద్దరం ఒకే డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతాం, పాత స్నేహితులం కాబట్టి నన్ను కూపీ లాగమన్నారు.

లాగాను. అమ్మాయి ఉన్న మాట నిజమే. మంచిదే, కాస్త నోటి దురుసు. అయితే పెళ్ళీ గిళ్ళీ అనే ఉద్దేశం ఇద్దరికీ లేదట. కలుస్తారట, పొద్దున్నే ఎవరి దారిన వాళ్ళు పోతారట. ఇంకెవరైనా నచ్చితే మొహం మీదే చెప్పేయాలని ఒప్పందమట. మీరు దిగులు పెట్టుకోకండి.

మీ అమ్మాయిలాంటి
పొట్టి

*

మీకు నమస్కారాలు.

ఈసారి పిలుపు లేకుండానే మొదలుపెట్టాను. ఎందుకో కింద తెలుస్తుంది.

ఆ అమ్మాయిని నేనే. ‘అట’లు తగిలించి తప్పించుకున్నాను. స్నేహం చెడుతుందన్న భయంతో ఆ ఒప్పందం పెట్టింది కూడా నేనే. కానీ అప్పటినుంచీ నాకు ఆరా తీసే రోగం పట్టుకుంది. నిద్రలో మీవాడు చెయ్యి దిండు కింద ఎందుకు దాచుకుంటాడు? చిన్నప్పుడు దేనికి ఏడ్చేవాడు? ఒక్కడే ఉన్నప్పుడు కూడా ఈల వేస్తాడా? ఇన్నేళ్ళ స్నేహంలో ఇవేవీ అడగాలని తోచలేదు. ఇప్పుడు ఎంత తెలిసినా చాలడం లేదు.

ఇంతలో మీ రెండో ఉత్తరం. ‘ఆ పిల్లకి మావాడంటే ఇష్టమా, కాలక్షేపమా, అడిగి చెప్పు’ అన్నారు. ఎవరిని అడగను? నిన్న పాఠాలయ్యాక మీవాడినే అడిగాను. నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా బ్రేకు ఉండే స్కూలు కారు. తను నడుపుతున్నాడు, నేను పక్కన.

“మీ అమ్మగారు ఒకటి కనుక్కోమన్నారు.”

“ఏంటది?”

“ఆ పిల్లది ఇష్టమా, కాలక్షేపమా అని.”

ఇద్దరం ఒకేసారి బ్రేకు తొక్కాం. కారు ముందుకు తూలి ఆగింది.

“ఏం రాశావు?”

“ఇంకా రాయలేదు.”

కారుని రోడ్డు పక్కకి తీసి, “ముందు మా అమ్మని పిన్నీ అనడం మానెయ్. వరస కుదరదు. ఆ లెక్కన నేను నీకు అన్నయ్యనవుతాను. విన్నప్పుడల్లా ఒళ్ళు మండిపోతోంది” అన్నాడు.

“ఎప్పట్నుంచి?”

“నీ ఒప్పందానికి ముందు నుంచే.”

నవ్వాను, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా. ఇష్టమేనని చెప్పాను. ఒప్పందం అక్కడే రద్దయింది.

ఆదివారం ఇద్దరం మీ దగ్గరికి వస్తున్నాం. దాచినందుకు కోపముంటే నన్ను తిట్టండి, పడతాను. మీవాడిని మాత్రం ఏమీ అనకండి. ఇదివరకు మీరు తిడుతుంటే పక్కన కూర్చుని వంత పాడేదాన్ని. ఇప్పుడెందుకో నాకు పడడం లేదు.

ఇట్లు
పొట్టి