లత వెనక గోడ

బేస్తారం రాత్రి, రియాద్

"నీకు గోడలు కనవడ్తయి గని పెండ్లాం కనవడదు" అన్నవు గద లతా నిన్న. అవును, గోడలే కనవడ్తయి.

ఇయ్యాల విల్లాల గోడ రంగు బుగ్గలు లేస్తే ఫోర్‌మెన్ నన్నే పిలిచిండు. తడి ఆరకముందే రంగేసిన్రు, మొత్తం గీకాలె అని చెప్పిన.

గంట కింద వీడియో కాల్ల నీ వెనక గోడకు గవ్వే బుగ్గలు. "మనింట్లనే ఉన్న" అన్నవు. మన అర్రకు లప్పం పెట్టి రంగేసింది నేనే, దానికి ఒక్క బుగ్గ లేదు. అది మీ అమ్మోళ్ల గోడ. ఆరనియ్యి మామా అని ఎంత మొత్తుకున్నా మీ నాయిన ఇనలే.

ఎప్పుడు పోయినవు? బట్టలన్నీ తీస్కపోయినవా? మళ్లొస్తవా అని అడుగుదామనుకున్న గని, "తిన్నవా" అన్న. "ఆఁ, తిన్న" అన్నవు.

విల్లా గోడ ఈ రాత్రే గీకాల్నట, బండొచ్చింది. పోవాలె.