కప్పులు నేను కడగలేదు

జూన్ 9, ఆదివారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. అన్నీ కోడిగీతలే. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు ప్లాస్టర్.

తప్పు నాదే. నిన్న చర్చిలో నేలంతా సబ్బునీళ్ళతో కడిగి, అది ఆరకముందే స్టూలు వేసుకుని కిటికీ అద్దాలు తుడవడానికి ఎక్కాను. బుద్ధున్నవాళ్ళెవరైనా అద్దాలు తుడిచాకే నేల కడుగుతారు. పాస్టర్‌గారు వద్దని చెప్పారు కూడా. నేను ఎవరి మాట విన్నాను గనక.

జూన్ 10, సోమవారం

షాపుకి తాళం. కుట్టాల్సిన పదకొండు ప్యాంట్లు పక్క వీధి టైలర్‌కి పంపాను. అతని కుట్టు చూస్తే నాకు ఏడుపొస్తుంది.

జూన్ 13, గురువారం

హాస్పిటల్లో ఉన్న మా చర్చి పాటల బృందం కాయిర్ లీడర్‌ని చూసొస్తానంటే కోడలు నా చెప్పులు దాచేసింది.

చర్చిలో నన్ను 'అంబులెన్స్' అంటారు. ఎవరికి జ్వరమొచ్చినా ముందు నేనే వాలిపోతాను. కుర్చీలు సర్దాలన్నా నేనే. సంస్కారంలో రొట్టెతో పాటు ద్రాక్షరసం ఇచ్చే చిన్న కప్పులు పంతొమ్మిదేళ్ళుగా నేనే కడుగుతున్నాను. ఇప్పుడు అంబులెన్స్ షెడ్డుకెళ్ళింది. ఊరికే కూర్చుంటే భయమేస్తోంది.

జూన్ 14, శుక్రవారం. ఉదయం 11

ఏం భయమో రాసేస్తాను. ఇది చదివేవాళ్ళెవరూ లేరు.

పంతొమ్మిదేళ్ళ క్రితం ఒక ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. ఒంట్లో బాగోలేదు, ఒకసారి వచ్చి పొమ్మంది. చర్చిలో మీటింగుంది, భోజనాలు వడ్డించాలి, సాయంత్రం వస్తానన్నాను. విసుక్కున్నాను కూడా. భోజనాలయ్యాక అందరూ నన్ను మెచ్చుకుంటుంటే ఇంకో గంట అక్కడే ఉండిపోయాను. వెళ్ళేసరికి అమ్మ ప్రాణం పోయింది. మంచం పక్కన ఆవిడ చెప్పులు తలుపు వైపు తిప్పి పెట్టి ఉన్నాయి. నేను రాకపోతే తనే బయల్దేరదామనుకుందేమో.

ఆ రోజు నుంచి ఎవరు పిలిచినా కాదనలేదు. ప్రేమా? కొంత. మిగతాదంతా భయమే. నేను ఏదో ఒకటి చేస్తున్నంతసేపూ దేవుడు ఆ ఆదివారం ఊసెత్తడని, చేతులు ఆగిన రోజు ఎత్తుతాడని. ఇప్పుడు చెయ్యి ఆగింది. ఈరోజే పోతే నా గతేమిటి?

జూన్ 18, మంగళవారం

పాస్టర్‌గారు చూడ్డానికి వచ్చారు. నోరు జారి అమ్మ సంగతి చెప్పేశాను.  ఆ తప్పు తప్పేనన్నారు ఆయన. దాన్ని యేసు సిలువ మీద ఎప్పుడో మోసేశాడనీ, కప్పులు కడిగి కడిగి నేను మళ్ళీ మోయనక్కర్లేదనీ అన్నారు.

కొత్త మాటేం కాదు. పాస్టర్‌గారు నిలబడి ప్రసంగించే పుల్పిట్ వెనక వేలాడే బ్యానర్ మీద 'కృప' అన్న అక్షరాలు నేనే కుట్టాను. ఎర్ర శాటిన్, డబుల్ కుట్టు. గీత వంకర పోకుండా చూసుకున్నాను గానీ, అది నాకే చెబుతోందని చూసుకోలేదు.

జూన్ 22, శనివారం

కోడలు తలస్నానం చేయించింది. తను కాపురానికొచ్చిన కొత్తలో తన వంట మీద నేనన్న మాటలు నాకు గుర్తే. తనకీ గుర్తుండే ఉంటాయి. సిగ్గుతో చచ్చిపోయాను. నీకేం చేసిపెట్టాలో చెప్పు, చెయ్యి బాగవగానే చేస్తానన్నాను.

"ఏమీ చెయ్యకండి అత్తయ్యా. తల వంచండి, సబ్బు కళ్ళల్లో పడుతుంది."

వంచాను. వెక్కి వెక్కి ఏడ్చాను. సబ్బు పడనే పడిందనుకుని పాపం, ఇంకో చెంబు నీళ్ళు పోసింది.

జూలై 7, ఆదివారం

ఇవాళ సంస్కారం. ఎప్పుడూ వెనకాల సింకు దగ్గర నిలబడి, మిగిలిన చివరి కప్పు గుటుక్కున మింగి, ట్రే పట్టుకుని పరిగెత్తేదాన్ని. ఇవాళ మూడో వరసలో కూర్చున్నాను. రొట్టె ఎడమ చేతిలో పెట్టారు. కప్పు పట్టుకోవడానికి ఇంకో చెయ్యి లేదు. కోడలు నా నోటికి అందించింది. చంటిపిల్లలా తాగాను. రెండు చుక్కలు ప్లాస్టర్ మీద పడ్డాయి.

ఆ కప్పు నేను కడగలేదు. నింపలేదు. తేలేదు. అయినా నా దాకా వచ్చింది. అమ్మ సంగతి తెలిసి తెలిసే ఇచ్చాడు దేవుడు. ఇన్నేళ్ళూ ఇలాగే ఇస్తున్నాడు, నేనే కూర్చోలేదు.

హమ్మయ్య.

ఇంటికొచ్చి మూడు గంటలు నిద్రపోయాను. వంటెవరు చేశారో కూడా అడగలేదు.

జూలై 22, సోమవారం

ప్లాస్టర్ తీశారు. చెయ్యి సన్నగా, పాలిపోయి, ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. దారిలో కాయిర్ లీడర్ ఇంటికి వెళ్ళాను. వెళ్ళకపోతే ఏమవుతుందోనని కాదు, చూడాలనిపించి. ఇద్దరం కబుర్లు చెప్పుకుని బాగా నవ్వుకున్నాం. వాళ్ళ వంటింట్లో అంట్లు కనిపించాయి. ఆయన కొడుకు తోముకున్నాడు.

ఆగస్టు 4, ఆదివారం

కప్పులు ఎవరో కడిగారు. నా కప్పు అంచున సబ్బు మరక. చూశాను.

తాగేశాను.