పన్నెండో కుర్చీ

కామాటిపుర, బొంబాయి

అమ్మకు, నాయినకు మీ పెద్దబిడ్డ రేణుక దండాలు. ఇక్కడ నేను, మీ అల్లుడు, పాప, అత్తమ్మ అందరం బాగున్నాం. నాయిన మోకాళ్ళ నొప్పి తగ్గిందా? చెల్లె పరీక్షలు ఎట్లా రాసింది? ఎర్రావు ఈనిందా? ఫోన్లో అడగొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో "అయ్యో, అయ్యో" అని మొత్తుకుంటావు, నేను చెప్పేది సగంలోనే ఆగిపోతుంది. ఈ సంగతి మాత్రం మొదటి నుంచి చివరిదాకా చెప్పాలి. అందుకే ఉత్తరం. చెల్లే, తొందరపడకుండా నిదానంగా చదివి వినిపించు.

ఎండలు ఇక్కడా మండుతున్నాయి, పైగా ఒళ్ళంతా జిగట చెమట. మీ అల్లుడికి వర్లిలో పెద్ద బిల్డింగు పని దొరికింది. స్లాబు వేసిన రోజున ఇంటికొస్తే మనిషిని గుర్తుపట్టలేం. కూలీలను పిలుచుకుపోయే కూడలిని ఇక్కడ నాకా అంటారు. నేను, అత్తమ్మ రోజూ అక్కడ నిలబడి ఏ పని దొరికితే అది చేస్తున్నాం. ఇక్కడి పిండితో రొట్టె సాగదు, తిన్నా రుచి ఉండదు. వచ్చిన కొత్తలో మాట్లాడే దిక్కులేక గోడకేసి చూసి ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఏడవడం లేదు, నువ్వేం రంది పెట్టుకోకు.

మా గల్లీ చివర ఒక చర్చి ఉంది. పొద్దున్నే పాపను అక్కడి బాల్వాడీలో వదిలి పనికి పోతాం. అక్కడ కులం అడగరు, నీ దేవుడెవరని అడగరు, పిల్ల అన్నం తిన్నదా అని అడుగుతారు. మా పిల్లలూ, తురకోళ్ళ పిల్లలూ, పక్క గల్లీల్లో ఒళ్ళమ్ముకుని బతికే ఆడవాళ్ళ పిల్లలూ అందరూ ఒకే చాప మీద పడి నిద్రపోతారు. చూస్తే భలే ముచ్చటగా ఉంటుందమ్మా.

అక్కడి ఫాదర్ అంటే మన పూజారి లాంటివాడనుకో. తెల్ల మీసాల మనిషి, మరాఠీ ఆయన. పోయిన నెలలో పాపను తెచ్చుకోవడానికి పోతే, "బేటీ, గురువారం సాయంత్రం నీ కాళ్ళు కడుగుతాను, వస్తావా?" అన్నాడు. నేను బిత్తరపోయి కాళ్ళు చీర కుచ్చిళ్ళ కింద దాచుకున్నాను! సంగతేమిటంటే, యేసుప్రభువు చనిపోయే ముందు రోజు తన శిష్యుల కాళ్ళు కడిగాడట. దానికి గుర్తుగా ఈస్టరు ముందు గురువారం ఫాదర్ పన్నెండు మందిని కుర్చీల్లో కూర్చోబెట్టి వాళ్ళ కాళ్ళు కడుగుతాడు. ఈసారి అందరినీ మా గల్లీల నుంచే పిలిచాడు. మతం మారడం గీరడం ఏమీ లేదు, నా బొట్టు నా నుదుటనే ఉంది, నువ్వు భయపడకు.

ఇంట్లో చెప్పగానే అత్తమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "దేవుని పని జేసే మనిషి నీ కాళ్ళు ముడ్తడా? నీకంటె పెద్దోడాయె! కండ్లు పోతయ్. రహనే దే, పోవద్దు!" అన్నది. మీ అల్లుడు మెల్లగా బయటికి జారుకున్నాడు, ఆయన సంగతి నీకు తెలిసిందే. నాకేమో పోవాలని ఒకటే ఆశ. ఎందుకంటావా? పుట్టి బుద్ధెరిగాక నన్ను పేరు పెట్టి పిలిచి కుర్చీ వేసినవాళ్ళు లేరమ్మా. పోతానని చెప్పేశాను.

గురువారం రాయితో మడమలు తోముకున్నాను. మంచి పనికి పోతున్నాం కదా అని కాళ్ళ నిండా పసుపు రాసుకుని పట్టీలు పెట్టుకున్నాను. నా వరసలో ఒక హిజ్రా అక్క, ఫోరస్ రోడ్డులో జుట్టు కత్తిరించే సాయెబు, ఆ గల్లీ బతుకు వదిలేసి పూలమ్ముకుంటున్న నేపాలీ అవ్వ. నా పక్కన చివరి కుర్చీ ఖాళీ, అందులో కూర్చోవలసిన ముసలాయనకు జ్వరమట. ఫాదర్ వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అంత పెద్దాయన వంగుతుంటే నేను ఊరుకుంటానా? గభాలున లేచి ఆయన కాళ్ళకు మొక్కబోయాను. టంగుమని ఇద్దరి తలలూ కొట్టుకున్నాయి! చర్చంతా ఒకటే నవ్వు. ఆయన నుదురు రుద్దుకుంటూ, "కూర్చో బేటీ, ఈరోజు వంగే వంతు నాది" అన్నాడు. నీళ్ళు పోశాడు, తుడిచాడు, పాదానికి ముద్దు పెట్టాడు. అరవకమ్మా, అది వాళ్ళ పద్ధతి! తల ఎత్తేసరికి ఆయన తెల్ల మీసం పచ్చగా ఉంది. సిగ్గుతో చచ్చాననుకో. అయినా ఎంత సంతోషమో చెప్పలేను.

చివరి కుర్చీ దగ్గర ఫాదర్ ఆగి, "ఎవరైనా రండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. అప్పుడు వెనక నుంచి, పాపను చంకనేసుకుని మా అత్తమ్మ! నన్నే పోవద్దన్న మనిషి, ఎప్పుడొచ్చి నిలబడిందో. పాపను నా ఒళ్ళో పడేసి ఫాదర్‌ను పైనుంచి కిందిదాకా చూసి, "ఉమర్ కిత్నా?" అని అడిగింది. ఆయన యాభై ఎనిమిది అన్నాడు.

"నాకంటె శిన్నోడివే. నీళ్ళు పొయ్యి బిడ్డా, పాపం లేదు" అని తెలుగులోనే చెప్పి కూర్చుంది.

ఆ కాళ్ళు నువ్వు దగ్గర నుంచి చూడలేదు. ఈ ఊరి బిల్డింగులకు కాంక్రీటు మోసి మోసి సిమెంటు తిన్న కాళ్ళు. ఒక వేలికి గోరే లేదు. ఫాదర్ ఆ వేలి మీద మెల్లగా నీళ్ళు పోస్తుంటే అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఇంటికి వస్తూ దారిలో అన్నది: "నా పెండ్లిల మా అమ్మ మీ మామ కాళ్ళు కడిగింది. నీ పెండ్లిల మీ అమ్మ నా కొడుకు కాళ్ళు కడిగింది. మన కాళ్ళు ఇన్నేండ్లకు గీడ కడిగిన్రు."

ఎవరైనా ఇటు వస్తుంటే జొన్నపిండి, చింతకాయ తొక్కు పంపు. పెద్దనాయినకు, చిన్నమ్మకు నా దండాలు చెప్పు. పాప చల్లగా ఉండాలని నువ్వూ నాయినా దీవించండి. అత్తమ్మ పక్కనే కూర్చుని నీకో మాట రాయమంటోంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"వదినె, వచ్చే యేడు ఆ గురువారానికి నువ్వు రావాలె. సిగ్గుపడకు. నేను ముందుగాల్నే పోయి నీ కుర్చీల టువ్వాల ఏసి ఆపుత."

మీ బిడ్డ,
రేణుక