పెద్దక్షరాల మర్యాద

సిద్దిపేట,
10-7-1997.

అవ్వకు, నీ బిడ్డ సుగుణ కాళ్లు మొక్కి రాసేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, ఒక్క కోపమే తగ్గలేదు. కొండపాకలో నువ్వు, అన్న, ఈ ఉత్తరం చదివిపెడుతున్న ప్రమీల వదిన క్షేమమని తలుస్తాను. వానలు పడ్డాయా? నాట్లకు పోతున్నావా? ఆ కండ్లతో ఒడ్ల మీద నడవొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు!

"కంటి ఆపరేషనుకు పేరు రాయించుకుంటి గద బిడ్డా, పోయినప్పుడల్లా లేదని ఎల్లగొడుతున్నరేంది?" అని అడిగించావు. నీ పేరు ఉందవ్వా. మొదటి నుంచీ ఉంది. పోయిన నెల నేను ఈ దవాఖానలో కంప్యూటర్ పనికి చేరాకే అసలు సంగతి తెలిసింది.

ఇంగ్లీషులో ప్రతి అక్షరానికీ పెద్దదొకటి, చిన్నదొకటి ఉంటాయి. మా ఆఫీసు పెద్ద కాశీనాథం సారు పటేళ్ల పేర్లు పెద్దక్షరాల్లో, కూలివాళ్ల పేర్లు చిన్నక్షరాల్లో ఎక్కించాడు. వెతికేటప్పుడు మాత్రం అందరినీ పెద్దక్షరాల్లోనే కొడతాడు. ఆ మొద్దు యంత్రానికి రెండూ ఒకటేనని తెలియదు. అది లేదంటుంది, ఆయనా లేదంటాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడని ఊరికే అన్నారా!

"ఎందుకట్ల ఎక్కించిన్రు సార్?" అని అడిగాను.

"పెద్దోల్లకు పెద్దక్షరాలు రాయకుంటే మర్యాదుంటదా? కూలోల్లకు చిన్నయి చాలు" అన్నాడు. గోడకు తల కొట్టుకోవాలనిపించింది.

నీ పేరు చిన్నక్షరాల్లో కొట్టాను. లింగవ్వ, కొండపాక. వచ్చింది! వేములఘాట్ ఐలవ్వ పేరూ వచ్చింది. బస్సు కిరాయి దండగ పెట్టుకుని ఎంతమంది ఏడ్చుకుంటూ పోయారో. ఇక ఆగలేదు. పేర్లు పోల్చే ముందు అన్నింటినీ పెద్దక్షరాలు చేసుకుని చూడమని కంప్యూటర్‌కు ఆదేశం రాసిపెట్టాను. ఇప్పుడు ఎవరెట్లా కొట్టినా అందరూ దొరుకుతారు.

"నన్నడగకుంట కంప్యూటర్ల చెయ్యెందుకు వెట్టినవ్?" అని సారు ఎగిరాడు.

"మీ మర్యాదకు మా అవ్వ కండ్లు పోతున్నయి సార్!" అన్నాను. దవాఖానంతా వినబడింది.

ఇంతసేపూ దాచిన మాట చెబుతాను, తిట్టకు. డాక్టరమ్మ వచ్చి చూసి, ఆ మార్పును ఉంచమంది. నన్ను ఉంచమనలేదు. ఉద్యోగం పోయిందవ్వా.

వెనక్కి పంపిన వాళ్లందరికీ మళ్లీ తేదీలు ఇస్తున్నారు. నీకు వచ్చే బుధవారం. మొదటి బస్సుకే రా. ఆపరేషనయ్యాక నీ పక్కన కూర్చోవడానికి నేనిప్పుడు ఎవరినీ సెలవు అడగనక్కర్లేదు.

ఇట్లు,
కోపం నీ దగ్గరే నేర్చుకున్న నీ బిడ్డ,
సుగుణ.